ముందు దూడ తాగాలి

మొన్న సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ళ వేళకి మన తెలుగు సంఘం హాలు ఎంత కళకళలాడిందో వచ్చినవాళ్ళకి తెలుసు. పీటల మీద కూర్చోబెట్టిన పిల్లల్లో నాలుగు నెలల బాబు ఒకడు తక్కువయ్యాడు. వాళ్ళమ్మ కోసం వెతుక్కుంటూ వెళితే వాష్‌రూంలో కనబడింది. పట్టుచీర కొంగు భుజాన దోపుకుని, వాష్‌బేసిన్ మీదకి వంగి పాలు పిండుకుంటోంది. బయట బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వినబడినప్పుడల్లా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. ఆ అమ్మాయి కళ్ళు కూడా.

ఆ అమ్మాయికి అంతకు ముందు వారం ఫ్లూ వచ్చి తగ్గింది. "జ్వరప్పాలు పట్టకూడదమ్మా, నాలుగు రోజులు డబ్బాపాలు పట్టు" అన్నారట మన పెద్దావిడ ఒకరు. అక్టోబరులో టీకా వేయించుకుందని విని ఇంకొకరు, "మందెక్కిన పాలు పసివాడికెందుకు?" అన్నారట. ఇద్దరూ ప్రేమకొద్దీ అన్నవాళ్ళే. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

ఇది నేను ముందే చూశాను. 2021 మే, రెండో వేవ్. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో, అమ్మ దగ్గర మా చెల్లికి కాన్పయింది. ఐదో రోజున దానికి కోవిడ్ అని తేలింది. పిల్లని పెరటి గదిలోకి మార్చేశారు. విమానాలు లేక నేనిక్కడ, పరాయి దేశంలో, ఫోన్లో చూస్తూ ఉండిపోయాను. పాలు గడ్డకట్టి చెల్లి రాత్రంతా మూలిగేది. తెల్లారి ఆ పాలు ఇత్తడి గిన్నెలోకి పిండించి, ఎవరి కాలికిందా పడకుండా అమ్మ కొబ్బరిచెట్టు మొదట్లో పోసేది. చేత్తో మట్టి కప్పి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేది. ఆ పాలంటే అమ్మకి అంత భక్తి. అవే పాలు తొమ్మిది రోజులు మనవరాలికి అందనివ్వలేదు. "దాని ఒంట్లో ఏముందో పాలలోనూ అదే ఉంటుంది కదే" అనేది నేను పోట్లాడితే.

అదే వారం మా గేదె ఈనింది. నాన్న జున్నుపాలు అడిగితే, పాలు తీసే తాత ఒప్పుకోలేదట. "ఉండండి బాబూ, ముందు దూడ తాగాలి. ముర్రుపాలు పడకపోతే అది నిలబడదండి, ఆయ్." అక్షరాలా నిజం. దూడకి తల్లి కడుపులో ఉండగా యాంటీబాడీలు, అంటే రోగాన్ని ఎదిరించే రక్షణ పదార్థాలు, దాదాపు అందవు, ముర్రుపాల నుంచే రావాలి. జున్నంటే ప్రాణం పెట్టే కోనసీమలో కూడా దూడ నోరు కొట్టరు. అదే పెరట్లో, పది అడుగుల దూరంలో, మా చెల్లి పాలు చెట్టుకి పోశారు.

అమ్మ అన్న మాటలో నిజం లేకపోలేదు. తల్లి ఒంట్లో ఉన్నది పాలలోకి వస్తుంది. వచ్చేదేమిటన్నదే అసలు సంగతి. తల్లి ముక్కులోకో పేగుల్లోకో క్రిమి చేరితే, దాన్ని గుర్తుపట్టిన రక్షణ కణాల్లో కొన్ని రొమ్ముకి చేరి, ఆ క్రిమికి సరిపడే యాంటీబాడీలు అక్కడే తయారుచేస్తాయి. వాటిలో ఎక్కువ ఐజీఏ రకం. బిడ్డ రక్తంలోకి పెద్దగా పోదు. నోరు, గొంతు, పేగుల లోపల పూత పూసినట్టు ఉండి, వైరస్‌కి పట్టు దొరకనివ్వదు. తల్లికి ఏ జ్వరం వచ్చిందో దాని విరుగుడే పాలలోకి దిగుతుంది. మనం పారబోయించేది ఆ విరుగుడునే.

కోవిడ్ వచ్చి తగ్గిన తల్లుల పాలలో ఐజీఏ ఎక్కువగా కనబడింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (ఫైజర్, మోడర్నా లాంటివి) వేయించుకున్నవాళ్ళ పాలలో ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీది పైచేయి, ఐజీఏ కూడా ఉంటుంది. 2021లో ఇజ్రాయెల్‌లో 84 మంది పాలిచ్చే తల్లులని పరీక్షిస్తే, రెండో డోసు పడిన వారానికి 86 శాతం నమూనాల్లో కోవిడ్ వైరస్‌ని గుర్తుపట్టే ఐజీఏ ఉంది. మన దేశంలో మొదట పాలిచ్చే తల్లులని టీకాకి దూరం పెట్టినా, 2021 మే 19న కేంద్ర ఆరోగ్యశాఖ వాళ్ళకీ వేయమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థయితే 2020లోనే, కోవిడ్ ఉన్నా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వమని చెప్పింది. ఫ్లూ అయినా కోవిడ్ అయినా బిడ్డకి సోకేది తల్లి దగ్గు, తుమ్ము, ఊపిరి నుంచి. పాల నుంచి కాదు.

పెద్దవాళ్ళ భయాన్ని నేను తీసిపారెయ్యను. పురిట్లోనే పిల్లలు పోవడం కళ్ళారా చూసిన తరం అది. కాయం ముద్ద, వెల్లుల్లి కారం, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ, ఇవన్నీ బాలింతని కాచుకోవడానికి పుట్టినవే. మా అమ్మ చేతి కాయం కోసం నేనిప్పటికీ మొహం వాచి ఉన్నాను. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించడం మాత్రం ఎంత పాత ఆచారమైనా నేను ఒప్పుకోను. ఏడాదిలోపు పిల్లలకి తేనె ప్రమాదం కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు 41.8 శాతమే.

జాగ్రత్తలూ ఉన్నాయి. కొన్ని మందులు వాడేవాళ్ళు, ఎల్లో ఫీవర్ టీకా అవసరమైనవాళ్ళు డాక్టర్ని అడగాలి. పాలున్నాయి కదా అని పిల్లల టీకాలు ఆపకూడదు. కానీ ఆరు నెలలు నిండని పసివాడికి ఫ్లూ టీకా వెయ్యరు. ఆ బాబుకి ఆ రోజు ఉన్న అండ తల్లి పాలే.

నేను బాబుని తీసుకెళ్ళి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టాను. "పరవాలేదా అక్కా?" అని మూడుసార్లు అడిగింది. వాడు నోరు పెట్టగానే ఏడుపు ఆగింది. కూర్చోవడానికి అక్కడ కుర్చీ కూడా లేదు, గోడకి ఆనుకుని నిలబడే ఇచ్చింది.

పెద్దమ్మలూ, అత్తయ్యలూ, బాలింతకి జ్వరం వచ్చి తగ్గిందనో టీకా పడిందనో తెలిస్తే పాలు మానిపించకండి. ఒక గ్లాసు వేడి పాలు ఆమెకివ్వండి, బిడ్డని అందించండి. ఉగాదికి హాలు బుక్ చేసేటప్పుడు తల్లులకోసం గడియ ఉన్న చిన్న గది, రెండు కుర్చీలు కూడా అడుగుదాం. వచ్చే కమిటీ మీటింగులో ఈ మాట నేనెత్తుతాను, మీరూ చెయ్యెత్తండి.