రైల్లో కునుకు తీస్తే లాకప్పేనా?

2017 డిసెంబర్ 5. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. యోర్టా యోర్టా అనే ఆదివాసీ తెగకు చెందిన తాన్యా డే, 55 ఏళ్ల మనిషి, మెల్‌బోర్న్ వెళ్లే రైల్లో మద్యం మత్తులో నిద్రపోయింది. ఎవరితోనూ గొడవ లేదు. కండక్టర్‌కు మాత్రం ఆమె రైల్లో ఉండటం ఇబ్బందిగా తోచి, పోలీసులను పిలిపించాడు. కాసిల్‌మెయిన్‌లో దింపి, మత్తు దిగేదాకా ఉండమని సెల్‌లో పెట్టారు. అక్కడామె పదేపదే పడింది, తలకు దెబ్బ తగిలింది. సీసీ కెమెరాలో అంతా రికార్డయింది. చూసుకోవాల్సిన పోలీసులు సరిగా చూసుకోలేదు. 17 రోజులకు ఆస్పత్రిలో పోయింది. ఆమె ఆదివాసీ కాబట్టే కండక్టర్ అలా అనుకున్నాడని, ఆ వివక్ష తనకే తెలియనిదని విచారణలో తేలింది. ఎవరి మీదా కేసు పెట్టలేదు.

ఆమె బంధువు హారిసన్ డే కూడా 1982లో పోలీసు కస్టడీలోనే చనిపోయాడు. ఆదివాసీల కస్టడీ మరణాల మీద ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ విచారించిన 99 మరణాల్లో ఆయనదొకటి. 1991లో ఆ కమిషన్ 339 సిఫారసులు చేసింది. బహిరంగంగా తాగి ఉండటాన్ని నేరంగా చూడొద్దన్నది వాటిలో ఒకటి. విక్టోరియాలో అది అమలైంది 2023 నవంబర్‌లో. అంటే తాన్యా పోయిన ఆరేళ్లకు.

ఆదివాసీలు జైల్లో ఎక్కువగా చావడం లేదు, మిగతా ఖైదీల మాదిరే జబ్బులతోనో ఆత్మహత్యలతోనో పోతున్నారు అని వాదించేవాళ్లున్నారు. ఆ మాట అబద్ధం కాదు, కమిషనే చెప్పింది. కానీ దాని వెంటే ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని మాత్రం వీళ్లు మింగేస్తారు: ఆదివాసీలను లోపల వేయడమే విపరీతం. అప్పుడు ఖైదీల్లో వాళ్లు 14 శాతం. ఇప్పుడు మూడో వంతుకు పైనే. దేశ జనాభాలో నాలుగు శాతం కూడా లేరు.

కాబట్టి సెల్‌లో ఇంకో కెమెరా పెట్టడం, డాక్టర్‌ను పిలిపించడం మంచిదే గానీ, అసలు రోగం అరెస్టులో ఉంది. తాగడం, జరిమానా కట్టకపోవడం, చిల్లర దొంగతనం. 2020 జనవరిలో వెరోనికా నెల్సన్ అనే ఆదివాసీ మహిళ మెల్‌బోర్న్ దగ్గరి మహిళా జైల్లో చనిపోయింది. షాపులో దొంగతనం కేసు, బెయిల్ ఇవ్వలేదు. ఆ గొడవతో 2024లో బెయిల్ చట్టం సడలించారు. ఏడాది తిరక్కుండానే, నేరాలు పెరిగాయన్న కేకలకు భయపడి మళ్లీ బిగించారు! ఓట్ల ముందు శవం ఎంత తేలికో.

మనకిది కొత్త కథేమీ కాదు, పాలించింది అదే బ్రిటిష్ సామ్రాజ్యం. 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన నేర తెగల చట్టం ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగల్ని చేసింది. స్టూవర్టుపురం అలా కట్టిన ఊరే. చట్టం 1952లో పోయింది. ఎక్కడైనా చోరీ జరిగితే జీపు ముందు ఏ గుడిసెల వైపు తిరుగుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆ తెగల వాళ్లను అడ్డగోలుగా అరెస్టు చేయొద్దని అదే తీర్పులో పోలీసులకు విడిగా చెప్పాల్సి వచ్చింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు.