సవరణ: సొరంగాలు, బావుల గురించి నేను రాసింది తప్పు

ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక వచ్చే కేకే లైను (కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం) సొరంగం ఫొటో పెట్టి, "రాతిలో నీళ్లేం ఉంటాయి, సొరంగం తవ్వినా సరిగ్గా దాని నెత్తిమీదున్న బావులకే దెబ్బ" అని ఆదివారం రాశాను కదా, రెండు ముక్కలూ తప్పే. భూగర్భజలాల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చెప్పాక పాఠ్యపుస్తకం కూడా తిరగేశాను.

రాయి గట్టిదే, నీళ్లుండేది దాని పగుళ్లలో. మా పెరటి బావిలోకి తొంగిచూసినా తెలిసిపోతుంది: పైన ఎర్రగా చివికిన కొండలైటు (మా వైపు కొండల రాయి), కింద గట్టి రాయి, ఊట మాత్రం ఒక్క నెర్రె నుంచే. సొరంగం అలాంటి నెర్రెను కోసిందంటే అదే కాలవైపోయి నీళ్లను తనవైపు లాగేస్తుంది, నెర్రె ఎటు సాగితే అటు, అంటే నెత్తిమీది బావి నిండుగానే ఉండి దూరపు బావి ఎండిపోవచ్చు. పైగా పగుళ్లలో నిల్వ తక్కువ కాబట్టి కొంచెం కారినా మట్టం బాగా దిగిపోతుంది. స్వీడన్‌లో హల్లాండ్సోస్ సొరంగం 1992లో మొదలుపెట్టి, నీటి గొడవలతో ఆగుతూ సాగుతూ 2015లో తెరిచారు. పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కిస్తే కారడం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

అన్నట్టు, కేకే లైను వల్ల మన బావులు ఎండాయని నేను అనలేదు. ఫొటో బాగుందని పెట్టానంతే.