వాషింగ్ మెషీన్ అట్టపెట్టె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టపెట్టె గారికి,

నమస్కారాలండి. తమరు మా హాల్లో టీవీకీ సోఫాకీ మధ్యన వచ్చి సెటిలై ఇవ్వాళ్టికి పదకొండు రోజులు. మెషీన్ పాపం వచ్చిన రోజే బాల్కనీలోకి వెళ్ళిపోయి తన మానాన తను బట్టలుతుక్కుంటోంది, దాని ఊసెత్తే వాళ్ళే లేరు, డబ్బులు కట్టింది దానికి, ఈఎంఐ ఇంకా తొమ్మిది నెలలుంది, పేరు మాత్రం మీకొచ్చింది.

అసలు మీ ప్లేసు అటక మీదండి. ఏ వస్తువు కొన్నా వారంటీ అయ్యేదాకా పెట్టె పడెయ్యకూడదనేది మా అమ్మ రూలు, వారంటీ అయిపోయాక "ఇల్లు మారితే పనికొస్తుంది" అనేది రెండో రూలు. మిక్సీ పోయి నాలుగేళ్ళయింది, దాని పెట్టె ఇంకా అటక మీద క్షేమంగా ఉంది, అందులో కుక్కర్ పెట్టె, ఆ కుక్కర్ పెట్టెలో ఇస్త్రీపెట్టె పెట్టె. ఆ లెక్కన మీరు కూడా నోరు మూసుకుని పైకెక్కాల్సిన వాళ్ళే. ఫిటింగ్‌కి వచ్చినతను థర్మాకోల్ లాగి మిమ్మల్ని పక్కకి తోశాడో లేదో, మా నాలుగేళ్ళ చిన్నది లోపలికి దూరిపోయింది. అంతే, ఇల్లు మీ చేతికెళ్ళిపోయింది.

మొన్న పుట్టినరోజుకి 2,499 రూపాయలు పోసి మాట్లాడే బొమ్మ ఒకటి కొన్నాను. బటన్ నొక్కితే ఏ ఫర్ యాపిల్ అంటుంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ యాపిలే. ఇప్పుడది మీరు గాలికి కదలకుండా మూల బరువుగా ఉంది, అప్పుడప్పుడూ కాలు తగిలితే పాపం యాపిల్ అంటుంది.

ఇదేదో మీ సొంత ప్రతిభ అనుకున్నాను. తర్వాత తెలిసింది మీ వెనకాల పెద్ద చేతులే ఉన్నాయని. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఆటవస్తువుల మ్యూజియం ఒకటుందట, అందులో గొప్ప గొప్ప బొమ్మలకి హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టారు, 2005లో మీ జాతి మొత్తానికి అందులో సీటిచ్చేశారు. మూడేళ్ళ తర్వాత 2008లో మామూలు కర్రపుల్లకి కూడా ఇచ్చారు లెండి, మరీ పొంగిపోకండి. ఇంతకీ మీ వంశం పుట్టుక చూస్తే టోపీల్లో లైనింగ్. మీ ఒంట్లో ఉండే ముడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో పేటెంట్ తీసుకుంది పొడుగు టోపీల లోపల వెయ్యడానికి. ఆ తర్వాత బ్రూక్లిన్‌లో కాగితం సంచులు చేసే రాబర్ట్ గెయిర్ అనే ఆయన ఫ్యాక్టరీలో, మడత గీత వెయ్యాల్సిన ఇనుప బద్ద ఒకటి జరిగి కాగితాన్ని కోసేసిందట, ఓహో పెట్టెకి కావాల్సిన కోతా మడతా ఒకే దెబ్బకి వెయ్యొచ్చే అని ఆయనకి వెలిగింది. అంటే మెషీన్ తప్పు చేస్తే పుట్టారు మీరు. మా ఇంట్లో ఈ బిల్డప్ ఏంటండీ మరి.

ఇవన్నీ ఒకెత్తు. మీ మీద ఏకంగా పుస్తకమే ఉంది చూశారూ, అసలు కంప్లయింటు అక్కడ. పేరు 'నాట్ ఎ బాక్స్', ఆంటొనెట్ పోర్టిస్ అనే ఆవిడ రాసి బొమ్మలేసింది, 2006లో వచ్చింది, మరుసటేడాది అక్కడ గైసెల్ ఆనర్ అని పిల్లల పుస్తకాలకిచ్చే గుర్తింపు కూడా వచ్చింది. మా అక్క పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ వాళ్ళ పిల్లలు చదివేసిన కాపీ తెచ్చిపడేసింది, నేను అట్ట చూసి ఇదేదో పార్సిల్ కాగితంలా ఉందని పక్కన పెట్టాను, అట్ట అచ్చం మీ ఒంటి రంగే. మీరు దిగిన సాయంత్రం మా ఆవిడ దాన్ని వెతికి తీసి పిల్ల చేతికిచ్చింది. మీరూ మీరూ ముందే మాట్లాడుకున్నారేమో నాకు డౌటు.

అందులో ఉన్నది ఒక కుందేలు, ఒక పెట్టె. ఎవరో, మనిషి కనపడడు, ప్రశ్న మాత్రం వినిపిస్తుంది: పెట్టెలో ఎందుకు కూర్చున్నావ్? ఇది పెట్టె కాదు అంటుంది కుందేలు. పేజీ తిప్పితే అదే కుందేలు, అదే పెట్టె, నల్ల గీత అలాగే ఉంటుంది, దాని మీద ఎర్ర గీతతో రేసు కారు. పెట్టె మీదెక్కి ఏం చేస్తున్నావ్ అంటే అది కొండ శిఖరం. పెట్టె మీద నీళ్ళెందుకు కొడుతున్నావ్ అంటే అది తగలబడుతున్న బిల్డింగు, మనవాడు ఫైరింజన్ మనిషి. పెట్టె తొడుక్కుంటే రోబో. ఆ అడిగేవాడికి మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా బుర్రకెక్కదు, ఇంకా పెట్టె పెట్టె అనే అంటాడు, కుందేలుకి పేజీ పేజీకీ ఒళ్ళు మండుతూ ఉంటుంది. చివరికి మరి ఏంటది అంటే కాసేపు బుర్ర గోక్కుని ఇది నా 'పెట్టె-కాదు' అంటుంది, రాకెట్టెక్కి పోతుంది.

పేజీకి మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత తక్కువ, ఇంగ్లీషు రాకపోయినా పర్లేదు, నేను తెలుగులోనే చెప్పేస్తాను. కిటుకు ఎక్కడంటే గట్టిగా చదివే పెద్దాళ్ళు ఆ కనపడని తెలివితక్కువోడి వేషం వెయ్యాలి, జవాబు పిల్లలకి వదిలెయ్యాలి, పేజీ గబగబా తిప్పెయ్యకుండా ఆగాలి. నేను వెధవ గొంతు పెట్టి "పెట్టెలో ఎందుకమ్మా" అనగానే మా చిన్నది నా మొహం మీద వేలు పెట్టి "పెట్టె కాదూఊ" అని అరుస్తుంది, రాత్రి పదింటికి, కింద ఫ్లాట్ వాళ్ళు చీపురుకర్రతో పైకి కొట్టేదాకా. రెండున్నరేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఏ పిల్లకైనా కళ్ళు మూసుకుని తెచ్చివ్వొచ్చు. అదే ఆవిడ కర్రపుల్ల మీద కూడా ఒకటి రాసింది గానీ నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఇంకో కర్రని ఇంట్లోకి తెచ్చే ధైర్యం కూడా లేదనుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో మీ అవతారాలు చూడండి. సోమవారం లిఫ్టు, కరెంటు పోయి మధ్యలో ఆగిపోయింది, నన్ను వాచ్‌మన్‌ని పిలవమంది. మంగళవారం ఏటీఎం, పక్కన బెజ్జం చేసి మా నాన్న చేత ఆధార్ కార్డు పెట్టించుకుని రెండు బిస్కెట్లిచ్చింది, కార్డు ఇవ్వలేదు, ఇంకా వెతుకుతున్నాం. గురువారం మాత్రం మా అమ్మకి చుక్కలు చూపించింది. మొన్న వేసవిలో తిరుమల క్యూ కంపార్ట్‌మెంట్లో ఏడు గంటలు కూర్చున్నాం, అదంతా పిల్ల బుర్రలో ఉండిపోయినట్టుంది. మా అమ్మని మీ లోపల కూర్చోబెట్టి పై రెక్కలు మూసి, "గేటు ఇంకా తియ్యలేదు నానమ్మా, గోవిందా అను" అని కార్టూన్ చూసుకోడానికి పోయింది. మోకాళ్ళ నొప్పులావిడ, అరగంట లోపలే కూర్చుంది. నేనొచ్చి "పెట్టెలో ఏం చేస్తున్నావమ్మా" అంటే రెక్క కొంచెం ఎత్తి, "పెట్టె కాదురా, ముందు పాలు పట్రా, కంపార్ట్‌మెంట్లో పాలిస్తారు" అంది. రూల్స్ పెట్టిన మనిషండీ ఆవిడ!

ఒక మూల మెత్తబడిపోయారు మీరు, టేపు మీద టేపు వేస్తున్నాను, కాఫీ మరకలు కూడా పడ్డాయి. నిన్న ఆదివారం కింద పాత పేపర్ల బండి మైకు వినపడగానే ఇంక చాల్లే అని పైకి పిలిచాను. అతను మిమ్మల్ని అటూ ఇటూ తట్టి చూసి పెట్టె కేజీ పది రూపాయలన్నాడు. లోపల్నుంచి పిల్ల తల బయటపెట్టి "ఇది పెట్టె కాదు" అంది. నేను నవ్వి ఏదో చెప్పబోయాను. అతను నా వైపు చూడనే లేదు, త్రాసు కింద పెట్టి దాని ముందు గొంతుక్కూర్చుని, "మరేంటమ్మా?" అన్నాడు.

పడవంట. సామాను ఎక్కించమంది. అతను తన గోనెసంచిలోంచి రెండు పాత బీరు సీసాలు తీసి లోపలికందించాడు, ఒడ్డున దింపాక తీసుకుంటానన్నాడు, బేరం గీరం లేకుండా లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. ఆ సీసాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి, వచ్చే ఆదివారం అతనికి ఇచ్చేయండి. దొరికితే మా నాన్న ఆధార్ కార్డు కూడా.

ఇట్లు,
ఇంకా బయటే నిలబడి అడుగుతున్నవాడు