సవరణ: 7900 ఎక్స్‌టీఎక్స్ వేడికి కారణం పేస్ట్ కాదు
మొన్నటి పోస్టులో, ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ 7900 ఎక్స్‌టీఎక్స్ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) 110 డిగ్రీలకు పోతుంటే థర్మల్ పేస్ట్ (చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసేది) మార్చండి, తగ్గిపోతుంది అని రాశాను. తప్పు రాశాను. అది చదివి ఎవరైనా స్క్రూడ్రైవర్ తీసుంటే దయచేసి పక్కన పెట్టేయండి.

2022 డిసెంబర్‌లో వచ్చిన ఆ కార్డుల్లో అసలు గొడవంతా కూలర్ లోపలి వేపర్ చాంబర్ అనే పలకది. ఆ పలక లోపల కాసిని నీళ్లుంటాయి, చిప్ వేడికి అవి ఆవిరై, చల్లటి వైపు మళ్లీ నీరై వెనక్కి రావాలి, కొన్ని కార్డుల్లో ఆ నీళ్లే తక్కువ పోశారు, 2023 జనవరిలో ఏఎండీయే ఒప్పుకుంది. అందుకే కంప్యూటర్ డబ్బాలో అడ్డంగా బిగిస్తే 110కి ఎగబాకి, ఫ్యాన్లు హోరెత్తి, స్పీడు పడిపోయే కార్డు, నిలువుగా పెడితే బుద్ధిగా పనిచేసేది. పేస్ట్ ఏం చేస్తుంది పాపం!

ఇంకోటి, "7900 కార్డులన్నీ ఇంతే" అనేశాను. కాదు, ఏఎండీ సొంత డిజైన్ ఎక్స్‌టీఎక్స్‌లలో, అవీ కొన్నిట్లోనే ఈ లోపం. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం కార్డును అడ్డంగా బిగించి, ఓ అరగంట గేమ్ ఆడించి, హాట్‌స్పాట్ చూశాకే డబ్బులివ్వండి. పాత పోస్టులో ఆ రెండు లైన్లూ కొట్టేశాను.