పండిన దాన్ని వండుట ఎట్లు?

వంటింటి సంగతులు మగవాళ్ళు రాయకూడదని ఒక వాదం ఉంది. నేను ఒప్పుకోను. ముప్ఫయ్యారేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి. సొంతంగా ఒక్క ఉత్పలమాల రాయకుండానే వేలమంది పిల్లల చేత గణవిభజన చేయించిన వాణ్ణి. చెయ్యకుండా చెప్పడం ఒక విద్య, దానికీ అర్హతలున్నాయి. పైగా ఇప్పుడు ఆ నింద కూడా నా మీద చెల్లదు. మొన్న శ్రావణంలో, కోనసీమలోని మా ఇంట్లో, ఓవెన్లో పెట్టి కాల్చే పళ్ళ మిఠాయి ఒకటి ఒంటిచేత్తో, అతి సులభంగా తయారుచేశాను. రెండో చేతిలో ఫోను ఉంది.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన మర్నాడు మా డెల్టాలో ఏ గుమ్మం ఎక్కినా ముందు కనిపించేది అరటిపళ్ళు. మా ఆవిడ ఇరవై ఇళ్ళకి పేరంటానికి వెళ్ళింది. ఆ ఇరవై మందీ మా ఇంటికి వచ్చారు. మనిషికి రెండు పళ్ళు ఇచ్చారు, రెండు పుచ్చుకున్నారు. లెక్క ప్రకారం నిలవ సున్నా రావాలి. మా ఇంట్లో మాత్రం మూడు పళ్ళేలు మిగిలాయి. ఆ ఇరవై ఇళ్ళలోనూ అంతే మిగిలాయట. ఇది లెక్కల మాస్టర్లు తేల్చవలసిన విషయం గనక నేను జోక్యం చేసుకోను. వ్రతానికి ముందురోజు రావులపాలెం మార్కెట్లో గెల ధర అడిగితే గుండె ఆగినంత పనవుతుంది. మర్నాటికి అవే పళ్ళు ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునే నాథుడుండడు. వాయనంలో వచ్చిన శనగలు తాలింపు వేస్తే సాయంత్రానికి చెల్లిపోతాయి. రవికల గుడ్డలు పై ఏడాది మళ్ళీ ఊరు తిరుగుతాయి. అరటిపండుకి అంత ఆయుష్షు లేదు. మూడోనాటికి నల్లమచ్చలు, నాలుగోనాటికి చిన్న ఈగలు.

ఆ నాలుగోనాడు టెక్సస్‌లో ఉన్న మా కోడలు ఒక వీడియో పంపింది. "మావయ్య గారూ, ఇది చాలా ఈజీ అండి. అడుగున పళ్ళ ముక్కలు, పైన పొడి. అంతే."

దాని పేరు క్రంబుల్. రెండు వంతుల మైదాకి ఒక వంతు వెన్న, ఒక వంతు పంచదార కలిపి, వేళ్ళ కొసలతో నలిపి పొడిపొడిగా చెయ్యాలి. దాన్ని పళ్ళ ముక్కల మీద దళసరిగా జల్లాలి. అడుగున పళ్ళరసం కుతకుతలాడి, పైన పొడి ఎర్రబడే దాకా ఓవెన్లో ఉంచాలి. పది నిమిషాల పని, నలభై నిమిషాల వేడి. భాషాసేవ నా రక్తంలో ఉంది గనక తక్షణం దీనికి 'ఫలచూర్ణాచ్ఛాదితం' అని పేరు పెట్టాను. మా ఆవిడ వీడియో ఒకసారి చూసి "పళ్ళ మీద పిట్టు వేశారా?" అంది. వాడుక భాషతో ఇదే చిక్కు. నిఘంటువుల దాకా వెళ్ళనివ్వదు.

అసలైన అభ్యంతరం మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. "ఒరేయ్ అబ్బాయ్, కాయని వండుతారు, పండుని తింటారు. పండిన దాన్ని మళ్ళీ వండడమేమిట్రా, చచ్చిన పాముని చంపినట్టు?"

ఈ ప్రశ్నలో బలం లేకపోలేదు. అరటికాయైతే ఆవపెట్టి కూర, వేపుడు, బజ్జీ. అదే పండితే తొక్క వలుచుకోవడమే. పనసకాయైతే పొట్టు కొట్టి కూర, పండైతే తొనలు. మామిడికాయైతే పప్పు, పచ్చడి, ఆవకాయ. పండైతే మోచేతుల దాకా రసం. మా ప్రాంతంలో పొయ్యి పని కాయతో సరి. తాండ్రకి సైతం రసాన్ని చాప మీద పూసి ఎండకి అప్పగిస్తారు గానీ పొయ్యి ఎక్కించరు. అయినా నేను వ్యాకరణం చెప్పిన వాణ్ణి. "అమ్మా, పకారం వకారం కావడం గసడదవాదేశం. పండు వండు కావచ్చు. అది బహుళం, అంటే కొన్నిచోట్ల అవుతుంది, కొన్నిచోట్ల కాదు," అన్నాను. "మనింట్లో కాదు," అంది మా అమ్మ.

నేను చరిత్ర తీశాను. ఎవరి వంటరా ఇది అనడిగితే ఇంగ్లీషు వాళ్ళదన్నాను. మా వైపు ఇంగ్లీషు వాళ్ళందరిదీ ఒక ఖాతా, కాటన్ దొరది ఒక ఖాతా. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన మనిషి. మా అమ్మ ఇప్పటికీ కాలవలో నీళ్ళు వదిలారని తెలిస్తే ఆయన్ని తలుచుకుంటుంది.

"అయితే కాటన్ దొర తిన్నాడా ఇది?"

"లేదమ్మా. దొర 1899లోనే పోయాడు. ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పైకొచ్చింది. 1940లో వాళ్ళకి వెన్నా పంచదారా రేషన్లో పెట్టారు. పళ్ళని పిండి పొరలో చుట్టి 'పై' చేసుకోవడానికి సరుకు చాలక, ఉన్న కాస్తా పొడి చేసి పైన జల్లుకున్నారు."

మా అమ్మ కాసేపు ఆలోచించింది. "కరువు వంటన్నమాట. మనం ఇలాంటివి తినకుండా ఉండాలనే కదరా ఆయన ఆనకట్ట కట్టించాడు?"

చరిత్రని ఇళ్ళలో చర్చించకూడదు. పనిలోకి దిగాను.

మా ఓవెను రెండేళ్ళ కిందట మా అబ్బాయి కొనిచ్చినది. పైనా కిందా కడ్డీలు ఎర్రగా కాలే రకం, ఓటీజీ అంటారు. తలుపు బిగుతుగా పడుతుంది, చీమ దూరదు. అంచేత మా ఆవిడ దాన్ని అలమారాగా వాడుతోంది. వాడుతున్న సంగతి నాకు చెప్పలేదు, నేను అడగలేదు. వంటకానికి ముందు ఓవెన్ని ఖాళీగా వేడెక్కించాలని వీడియోలో ఉంది. ఖాళీగా అన్నమాటని నేను మరీ నమ్మాను. పది నిమిషాలకి నెయ్యి కాగిన వాసన, ఆ తర్వాత అట్టపెట్టె కమిలిన వాసన వచ్చాయి. తలుపు తీస్తే ఆత్రేయపురం పూతరేకులు, డజను. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు నా చేతిలో అగ్నిప్రవేశం చేసి, సీతమ్మవారిలా తిరిగి రాలేకపోయింది.

ఇక్కడ ఒక మాట. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టుకుని, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగితే ఒక రేకు. ఉల్లిపొర లాంటిది. అలా రోజంతా లాగే ఆడవాళ్ళున్నారు ఆ ఊళ్ళో. పది నిమిషాల్లో సులభంగా పూతరేకులు అని వాళ్ళెవరూ వీడియో పెట్టలేదు. ప్రచారం చేసుకోవడం తెలియదు పాపం.

తర్వాతది వెన్న. వెన్న చల్లగా, గట్టిగా ఉంటేనే పిండిలో పలుకులు పలుకులుగా నిలుస్తుంది. కరిగితే చపాతీ ముద్దే. శ్రావణంలో మా ఊళ్ళో మనుషులే గట్టిగా ఉండరు. వెన్న ఫ్రిజ్జులో ఉంది. ఓవెన్నేమో మొదట చిన్న ప్లగ్గులో పెట్టాను. అది 6 ఆంపియర్లది. ఓవెను 1,600 వాట్లు, అంటే 7 ఆంపియర్లు లాగుతుంది. పూతరేకులు పోయిన కాసేపటికే ప్లగ్గు నుంచీ వాసన మొదలైంది. పవర్ ప్లగ్గు మా ఇంట్లో ఒక్కటే, దాన్ని ఫ్రిజ్జు ఆక్రమించింది. ఓవెను వెలగాలంటే ఫ్రిజ్జు ఆగాలి, వెన్న గట్టిపడాలంటే ఓవెను ఆగాలి. అవధానాల్లో పొంతన లేని మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమనే దత్తపది ఉంటుందే, అలాంటి చిక్కు. కరెంటు మేస్త్రీకి ఫోను చేశాను. "ఆయ్, వచ్చేత్తన్నానండి మేస్టారూ," అని నిజంగానే వచ్చి, ఫ్రిజ్జు వైరు పీకి ఓవెను వైరు పెట్టి, "ఇదేనండి," అని కాఫీ తాగి వెళ్ళాడు.

వేడి దగ్గర మరో అపశ్రుతి. వీడియోలో 350కి తిప్పమన్నారు. మా ఓవెను చక్రం మీద ఆఖరి అంకె 250. మా అబ్బాయి చౌకరకం అంటగట్టాడని అరగంట బాధపడ్డాను. అమెరికావాళ్ళది ఫారన్‌హీట్ అనీ, వాళ్ళ 350 మన సెంటీగ్రేడులో 180 లోపేననీ పక్కింటి ఇంటర్ కుర్రాడు గోడ అవతల నుంచే చెప్పాడు. నన్నడిగితే నేనూ చెప్పేవాణ్ణే, కానీ ఆ పూట నన్ను అడిగేవాణ్ణి నేనే.

వెన్న నలపడం మా ఆవిడ చేసింది. ఆవిడ చేతులు చల్లగా ఉంటాయి. పెళ్ళిచూపుల నాడే గమనించాను. పళ్ళు వలిచి ముక్కలు కోసింది అంట్లు తోమడానికి వచ్చిన ఆవిడ. ముక్కలు నల్లబడకుండా పిండే నిమ్మకాయలూ, కేకు గిన్నే పక్కింటివి. నేను దిశానిర్దేశం చేశాను. గిన్నెని మసిగుడ్డతో పట్టుకుని లోపల పెట్టబోతే మా ఆవిడ వారించి తనే పెట్టింది. తలుపు వేసింది మాత్రం నేను.

దాల్చినచెక్క పొడి ఒక చెంచా పడాలని ఉంది, వేశాం. ఇంగ్లీషు వాళ్ళకి అది మిఠాయి వాసన. మా వీధిలో మాత్రం ఆ వాసనకి ఒక్కటే అర్థం. అది శ్రావణ మంగళవారం. ఎదురింట్లో కొత్త పెళ్ళికూతురు మంగళగౌరి నోము నోచుకుంటోంది. పదిహేను నిమిషాల్లో ఇద్దరు ముత్తైదువులు మా వరండా దాకా వచ్చి, లోపలికి రాకుండా, "వదినగారూ, పలావా అండీ?" అని గొంతు తగ్గించి అడిగి వెళ్ళారు. మా ఆవిడ వంటింట్లోంచి నా వైపు చూసిన చూపుని వర్ణించడానికి నాకు తెలిసిన ఏ అలంకారమూ చాలదు. ఇరవై అయిదో నిమిషాన కరెంటు పోయింది. గంటకి వచ్చింది. ఆ గంటలో అరటిపళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేశాయి.

ఆపిలైతే వేడికి మెత్తబడినా ముక్కగా నిలుస్తుంది, వీడియోలో అదే వేశారు. చక్కెరకేళికి అంత నిబ్బరం లేదు, జావైపోయింది. పైపొడి అంచుల్లో మాడింది, మధ్యలో నానింది. తియ్యటి బూడిద రంగు పదార్థం. అయినా గోదావరి వాళ్ళ మర్యాద గురించి మీరు వినే ఉంటారు. వచ్చిన వాళ్ళు ఒక్కరూ బాగోలేదనలేదు. "ఆయ్, చాలా బాగుందండి, తీపి ఎక్కడా తగ్గలేదండి," అన్నారు. మేస్త్రీ పిల్లలకంటూ కట్టించుకెళ్ళాడు. వాళ్ళింట్లో గేదె ఉంది.

కాబట్టి నేను తేల్చిన సిద్ధాంతం ఇది: సులభం అన్నది వంటకానికి విశేషణం కాదు, కర్తకి విశేషణం. ఎంతసేపు కుర్చీలోంచి లేవకుండా ఉండగలిగితే వంట అంత సులభం. యాభై నిమిషాల పని పొద్దున్న పదికి మొదలై సాయంత్రం నాలుగున్నరకి ముగిసినా, నాకు కించిత్తు అలసట లేదు. ఇంతకన్నా రుజువేం కావాలి?

అయితే మా అమ్మ ఆ రోజంతా వంటింటి గుమ్మంలో పీట వేసుకుని ఓవెన్నే చూస్తూ కూర్చుంది. వంటకం కోసం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

"పైనా కాలుతోంది, కిందా కాలుతోంది కదరా ఇది?"

"అవునమ్మా."

"ఊదక్కర్లేదా?"

"అక్కర్లేదు."

పాతరోజుల వంటల మీద మనలాంటి వాళ్ళకి ఎక్కడలేని ప్రేమ. నిప్పుల మీద కాలిన తాటిరొట్టె రుచే వేరని నేనూ రెండుమూడు సభల్లో మాట్లాడాను, చప్పట్లు కూడా పడ్డాయి. ఆ రొట్టెలు కాల్చిన మనిషి మా అమ్మ. మూకుడు కింద కొబ్బరి డొక్కల నిప్పులు, మూత మీద ఇంకో దోసెడు నిప్పులు. "కింద నిప్పులు, పైన నిప్పులు, మధ్యలో నేను. ఆ రుచేమిటో నాకు తెలీదురా, తినే వేళకి కళ్ళంట నీళ్ళే," అంది.

శనివారం నాటికి కాలవగట్టు మీద తాటిపళ్ళు రాలాయి. నాలుగు పళ్ళు తెప్పించింది. "అమ్మాయ్, ఆ చక్రం ఎక్కడికి తిప్పాలి?" అని మా ఆవిణ్ణి ఒక్కసారి అడిగి తెలుసుకుంది. బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరికోరు, యాలకులు సిద్ధం చేయించింది. పీచులోంచి గుజ్జు తీసే పని మాత్రం మిగిలింది. తాటిపండు గుజ్జు తీసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, తియ్యని వాళ్ళకి చెప్పినా తెలియదు. జుట్టు చిక్కు తీసినట్టు పీచుని పిసికి, పిండి, మళ్ళీ పిసకాలి. మా అమ్మ పళ్ళెం నా ముందు పెట్టి, ఫోను పక్కన పెట్టమంది. రెండు చేతులూ మోచేతుల దాకా పసుపురంగు. ఆ వాసన నాలుగు రోజులు పోలేదు. ఒక మూకుడు గుజ్జుకి నాకు రెండు గంటలు పట్టింది.

రొట్టె గంటలో కాలింది. పైన ఎర్రగా పెచ్చు కట్టి, లోపల మెత్తగా, తీపిలో ఆ చిరుచేదు అలాగే ఉండి, ఆవిరి చిమ్ముతూ దిగింది. పండిన దాన్ని వండావేమమ్మా అని అడుగుదామనుకున్నాను. నోట్లో రొట్టె ఉంది. మిఠాయి నాడు వరండాలోంచే వెళ్ళిపోయిన ముత్తైదువులు ఈసారి పిలవకుండా లోపలికొచ్చారు.

పదో పన్నెండో టెంకలు మిగిలాయి. మా అమ్మ వాటిని చేటలో వేసి నాకిచ్చింది. "పెరట్లో పాతరెయ్యి, సంక్రాంతికి తేగలొస్తాయి. గొయ్యి తియ్యడం, పేర్చడం, మన్ను కప్పడం. అంతే. సులువే," అంది.

బయట వాన మొదలైంది. గునపం ఎక్కడుందో అడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ పీట మీద కూర్చుని ఒంటిచేత్తో రొట్టె తింటోంది. రెండో చేతిలో నా ఫోను ఉంది.