ఉమ్మనీటి పొర పేరు చెప్పి లివర్ రోగుల దగ్గర లక్షలు గుంజుతారా?

లివర్ గట్టిపడిందని డాక్టర్ చెప్పాక ఆ ఇంట్లోవాళ్లు ఎవరేం చెప్పినా నమ్మేస్తారు. మొన్నటిదాకా పసరు పోసేవాళ్ల దగ్గరికి పరిగెత్తేవాళ్లు, ఇప్పుడు "మాయ నుంచి, ఉమ్మనీటి పొర నుంచి తీసిన స్టెమ్ సెల్స్" వచ్చాయి. మా బాబాయికి హెపటైటిస్ బి వైరస్ వల్ల సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం, మొదలైంది. ఒక క్లినిక్ వాళ్లు ఆ కణాల ఇంజెక్షన్ల ప్యాకేజీ రాసిచ్చారు. ఆ కాగితం నేను చూశాను. రేటు మాత్రం లక్షల్లో, కొట్టొచ్చినట్టు ఉంది. ఏ కణాలు, ఎన్ని, ఎక్కడ తయారుచేశారు, ఎవరి అనుమతితో ఇస్తున్నారు, ఇవేవీ లేవు. పిన్ని అప్పటికే పొలం పాస్‌బుక్ బయటికి తీసింది.

నా కోపం ఆ పొర మీద కాదు. కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీటిని పట్టి ఉంచే ఆ పల్చటి పొర నిజంగానే గొప్పది. అందులో రక్తనాళాలు ఉండవు. వాపు తగ్గిస్తుంది, మచ్చ పెద్దగా కట్టనివ్వదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లను అడగండి. సున్నమో యాసిడో పడి పాడైన కళ్లకు వాళ్లు దీన్ని వాడతారు. అప్పట్లో అక్కడ పనిచేసిన డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన స్లెట్ ఆపరేషన్‌లో, బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, సన్నటి తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఈ పొర మీదే అతికిస్తారు.

లివర్ సంగతికొస్తే, బ్రెజిల్, ఇటలీ పరిశోధకులు 2011లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకల పిత్తనాళాన్ని ముడివేస్తే పైత్యరసం లోపలే నిలిచిపోయి ఆరు వారాల్లో సిర్రోసిస్ వస్తుంది. కొన్ని ఎలుకలకు మాత్రం లివర్ మీద ఈ పొర కప్పారు. వాటిలో మచ్చకు మూలమైన కొల్లాజెన్ అనే పదార్థం పేరుకోవడం సుమారు సగానికి తగ్గింది, సిర్రోసిస్ దాకా పోలేదు. 2016లో, మచ్చ మొదలయ్యాక పొర వేసినా మేలు కనిపించిందని చూపించారు. పొర కణాలే లివర్ కణాలుగా మారడం వల్ల ఈ మేలు జరగలేదని, అవి విడుదల చేసే పదార్థాలు, మచ్చ కట్టే కణాలను అదుపు చేస్తాయని పరిశోధకుల ఆలోచన.

ఇది చదివితే నాకూ ఆశ కలుగుతుంది. కానీ అది ఎలుక, పైగా పిత్తనాళం ముడివేసిన ఎలుక. మన ఇళ్లలో లివర్లు పోతున్నది తాగుడు వల్ల, కొవ్వు వల్ల, వైరస్ వల్ల. పొట్టలో నీరు చేరి, ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషిని పొర కప్పడానికి కోస్తే రక్తం ఆగుతుందా? ఆస్ట్రేలియాలో మోనాష్ పరిశోధకులు కోత లేకుండా ఈ పొర కణాలను సిర్రోసిస్ రోగులకు ఎక్కించి చూసే తొలి దశ ట్రయల్‌కు దిగారు. తొలి దశలో ముఖ్యంగా చూసేది హాని లేదా అనే. ప్రపంచం ఇంకా ఆ మెట్టు దగ్గరుంటే, ఇక్కడ ప్యాకేజీ ఎలా అమ్ముతారండీ?

మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు సూటిగా చెప్పాయి: రక్త సంబంధ జబ్బులకు చేసే స్టెమ్ సెల్ (మూలకణ) మార్పిడి తప్ప, ఏ స్టెమ్ సెల్ వైద్యమైనా ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అయితే మన దేశపు ట్రయల్స్ జాబితా సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్ అడగండి. ప్రయోగం పేరు చెప్పి రోగి దగ్గరే డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. హెపటైటిస్ బి వాళ్లకు టెనోఫోవిర్ అనే మాత్ర ఉంది. 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మొదట సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి ఐదేళ్లు మాత్ర వేసుకున్నాక బయాప్సీలో, అంటే లివర్ ముక్క తీసి చేసే పరీక్షలో, సిర్రోసిస్ కనిపించలేదు. లివర్ మచ్చ వెనక్కి తగ్గుతుందని మనుషుల్లోనే రుజువైంది! 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో హెపటైటిస్ బి మందులు ఉచితం. ఆ ప్యాకేజీ కాగితంలో ఈ మాత్ర ఊసే లేదు.

పరిశోధన జరగాలి, మన దగ్గరే జరగాలి. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేసి భద్రపరిస్తే పనికొచ్చే పొరలు ఆ కాన్పుల్లో ఎన్నో వస్తాయి, అవన్నీ ఆస్పత్రి చెత్త వేసే పసుపు సంచుల్లో పడి కాలిపోతున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో లివర్ డాక్టర్లు, గైనిక్ వాళ్లు కలిసి సరైన ట్రయల్ పెడితే బాబాయిని నేనే తీసుకెళ్లి పేరు రాయిస్తాను. అప్పటిదాకా ఆ పొలం పిన్ని పేరు మీదే ఉండాలి.