చిన్న పుస్తకమే కదా అనేవాళ్లకు

ఈమధ్య బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత నాకు తెలిసిన మరో నాలుగైదు గ్రూపుల్లోనూ కనిపించింది. అందులో ఉన్నది ఇది: పిల్లల బొమ్మల పుస్తకం రాయడం ఒక్క సాయంత్రం పని. ఇరవై వాక్యాలు చాలు. చందమామ కథలా ఉండాలి, చివర నీతి ఉండాలి, ప్రాస కుదిరితే మరీ మంచిది. బొమ్మల సంగతి ఆర్టిస్టు చూసుకుంటాడు. మీ పిల్లలకు చదివి వినిపించండి, నచ్చితే అచ్చుకిచ్చేయండి.

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఇక్కడ మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, కన్నడం చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చాలామందికి చదవడం రాదు. వాళ్లకు పుస్తకాలు కావాలి. కానీ ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో వాళ్లను కూర్చోబెట్టుకుని చదివే మనిషిగా చెబుతున్నాను, ఈ సలహా ప్రకారం రాసిన పుస్తకం తెరిస్తే పిల్లలు రెండో పేజీకే లేచిపోతారు.

ముందు చందమామ మాట. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రికంటే నాకూ ప్రాణం. అయితే అందులో చిత్రకారుడు శంకర్ గారు వేసిన బేతాళుడి బొమ్మను చేత్తో మూసేసినా కథ పూర్తిగా అర్థమవుతుంది. బొమ్మల పుస్తకంలో అలా అర్థం కాకూడదు. బొమ్మ మూస్తే మాటలు కుంటాలి. ఇక్కడి ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతాయి. ఒక మంచి కథలోని మాటలను మాత్రమే కాగితం మీద రాసుకుని చదవండి, ఎంత వెలితిగా ఉంటాయో తెలుస్తుంది. ఆ వెలితి రచయిత కావాలని ఉంచిందే.

ఇక ఒక్క సాయంత్రం సంగతి. అనంతపురం నుంచి వచ్చే అమ్మమ్మ కోసం మెజెస్టిక్ బస్టాండులో ఎదురుచూసే పాప కథ ఒకటి రాశాను. మొదటి ప్రతిలో ఇలా ఉంది: "ఎర్ర గౌను వేసుకున్న చిన్ని, నాన్న చెయ్యి పట్టుకుని, వానలో తడుస్తూ, ఆత్రంగా ఎదురుచూస్తోంది. ఇంతలో బస్సు వచ్చింది. కానీ అందులోంచి అమ్మమ్మ దిగకపోయేసరికి చిన్నికి చాలా బాధ కలిగింది." గౌను, వాన, నాన్న చెయ్యి అన్నీ బొమ్మలో ఉంటాయి. బాధ ఆ పిల్ల ముఖంలోనే ఉంటుంది, మళ్లీ నేను చెప్పడం దేనికి? తీసేస్తూ పోతే ఏడో ప్రతికి మిగిలింది ఇది: "బస్సు వచ్చింది. అమ్మమ్మ దిగలేదు." ఈ నాలుగు మాటలకు మూడు నెలలు పట్టింది.

అవి ఎక్కడ పడాలన్నది ఇంకో పని. మొదటి వాక్యం కుడిపక్క పేజీ చివర ఉండాలి, రెండోది పేజీ తిప్పాకే కనబడాలి. ఇంట్లో కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు కదా, పేజీ తిప్పే చోటు సరిగ్గా అదే. ఊఁ పడని చోట ఆపితే కథ చచ్చిపోతుంది. పెద్ద కాగితాన్ని మడిచి 16 పేజీల ఫారం చేస్తారు కాబట్టి చాలా బొమ్మల పుస్తకాలు రెండు ఫారాలతో 32 పేజీలుంటాయి. టైటిల్ పేజీ, అచ్చు వివరాలు పోగా కథకు పదమూడో పద్నాలుగో జంట పేజీలు మిగులుతాయి. అందుకే ఎనిమిది తెల్ల కాగితాలు సగానికి మడిచి, మధ్యలో పిన్ను కొట్టి, పెన్సిల్‌తో రాసుకుంటాను. ఈ నమూనా పుస్తకాన్నే డమ్మీ అంటారు. కథ కదలని పేజీ తిప్పగానే చేతికే తెలిసిపోతుంది.

ఆర్టిస్టు చూసుకుంటాడన్నది సగమే నిజం. గౌను రంగు ఆయనకే వదిలేయాలి. కానీ నా కథలో అమ్మమ్మ ముందు బస్సులోనే వచ్చేసి, వెనక బెంచీ మీద గొడుగు చాటున కూర్చుని ఉంటుంది. ఆ మాట కథలో ఎక్కడా రాయలేదు. అది ఆర్టిస్టుకు చెప్పాల్సింది నేనే. డమ్మీలో నేను గీసిన పిచ్చిగీతల బొమ్మ చూసే ఒక ఐదేళ్ల బాబు "అదిగో, వెనకే ఉంది!" అని అరిచాడు. అక్కడితో కథ అయిపోయింది. తర్వాత పేజీలో "ఓపిక పడితే మంచి జరుగుతుంది" అని నేను రాసిన నీతి చదివేసరికి వాడు చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ పేజీ తీసేశాను. అమ్మమ్మను వాడే కనిపెట్టాడు, నేను చెప్పడానికి ఇంకేం మిగిలింది?

ప్రాస గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వచ్చింది, చూసింది, నవ్వింది అంటూ మన క్రియలు వాటంతటవే ప్రాసలో పడతాయి, దానికోసం వాక్యాన్ని వంకర తిప్పక్కర్లేదు. టపటప, గబగబ, చిటపట అనే మాటలు మళ్లీ మళ్లీ వస్తే పిల్లలే అందుకుంటారు.

మీ పిల్లలకు నచ్చితే చాలన్న మాటతో మాత్రం నాకు గట్టి పేచీ ఉంది. మన గొంతు వాళ్లకు అలవాటు. వాక్యం ఎక్కడ బాగోలేదో అక్కడ మనకు తెలియకుండానే గొంతు మార్చి దాటేస్తాం. కథ తెలియని ఇంకొకరి చేత చదివించాలి. నా ప్రతిని కింది అంతస్తులో ఉండే చిత్తూరు ఆయనకిచ్చి, వాళ్ల పాపకు చదవమని, పక్కన కూర్చుని విన్నాను. "అంతలోనే ఆమెకు" అన్న చోట ఆయన రెండుసార్లు తడబడ్డారు. ఇంటికొచ్చి "ఇంతలో అమ్మమ్మకి" అని మార్చి, మర్నాడు మళ్లీ ఆయనకే ఇచ్చాను.